మాత్ర ఆపాక ఒంట్లో మిగిలినవి

డిప్రెషన్‌కి, యాంగ్జయిటీకి ఇచ్చే పరాక్సిటీన్ మాత్ర పూర్తిగా ఆపేసి చాలా నెలలైంది. అయినా నిద్ర చాలని రోజున తల గబుక్కున పక్కకి తిప్పితే లోపల ఇప్పటికీ చిన్న షాక్ కొడుతుంది. పై పెదవి చివర తిమ్మిరెక్కుతుంది. పక్కింట్లో కుక్కర్ విజిల్ వేసినా ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది. ఇవి ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి భయం లేదు. తెలియని రోజుల్లో మాత్రం చాలా నలిగిపోయాను.

డిప్రెషన్ గురించి, యాంగ్జయిటీ గురించి తెలుగులో ఇప్పుడు బాగానే మాట్లాడుతున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లండి, మాత్ర వేసుకోవడానికి సిగ్గుపడకండి అంటున్నారు. మంచి మాట. ఆ మాత్ర ఆపేటప్పుడు శరీరం ఎలా తిరగబడుతుందో, కొందరికి అది ఎంతకాలం ఉంటుందో మాత్రం తెలుగులో వెతికితే నాకు దొరకలేదు. నాలాగే రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని వెతికేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. 2021 మే నెలలో, కరోనా రెండో వేవ్‌లో నాన్న పోయారు. ఆక్సిజన్ బెడ్ కోసం మేం తిరిగిన రాత్రుల గురించి ఇక్కడ రాయను. అవి గడిచిపోయాక, అంతా సర్దుకుంది అనుకున్నాక, స్కూళ్లు తెరిచిన కొన్నాళ్లకి నాకు గుండె దడ మొదలైంది. బస్సులో, స్టాఫ్ రూంలో, ఒకసారి పేరెంట్స్ మీటింగ్ మధ్యలో. ఊపిరి అందదు, చేతులు చల్లబడతాయి, ఈ క్షణంలో చచ్చిపోతున్నాను అనిపిస్తుంది. ఈసీజీ బాగానే ఉంది. సైకియాట్రిస్ట్ గారు పానిక్ డిజార్డర్ అని చెప్పి పరాక్సిటీన్ సీఆర్ 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 25కి పెంచారు.

అది పనిచేసింది. ఈ మాట గట్టిగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడి నుంచి చదివేవాళ్లు నేను మందులకి వ్యతిరేకిని అనుకోకూడదు. నెలన్నర తిరిగేసరికి నేను ఒంటరిగా బస్సెక్కగలిగాను. నాన్న ఫొటోకి దండ మార్చగలిగాను. రెండేళ్లు ఆ మాత్ర నన్ను నిలబెట్టింది.

2023 దసరా సెలవులకి డాక్టరు గారు ఇక ఆపేయొచ్చు అన్నారు. రెండు వారాలు 12.5, తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆ తర్వాత మానేయడం. "కొంచెం తల తిరగొచ్చు, వారంలో పోతుంది" అన్నారు. ఆయన రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి అచ్చంగా అలాగే చేశాను.

రోజు విడిచి రోజు అన్న దగ్గరే తేడా తెలిసింది. మాత్ర లేని రోజు సాయంత్రానికి చిరాకు, వికారం, కాళ్లలో ఓ రకమైన పీకుడు. మర్నాడు మాత్ర పడ్డాక కొన్ని గంటల్లో తగ్గేది. పూర్తిగా ఆపేశాక ఇక తగ్గించేది ఏదీ లేదు.

బోర్డు మీద కుంభాకార కటకానికి కిరణ చిత్రం గీస్తున్నాను. ఒక కిరణం గీసి, పిల్లల వైపు తిరిగాను. ఆ తిరగడంలో తల లోపల, సరిగ్గా కళ్ల వెనక, ట్యూబ్‌లైట్ స్టార్టర్ వెలగబోయి ఆగినట్టు టక్ టక్‌మని రెండుసార్లు కొట్టింది. నొప్పి కాదు. అరక్షణం ప్రపంచం తెగి మళ్లీ అతుక్కున్నట్టు ఉంది. మళ్లీ బోర్డు వైపు తిరిగితే మళ్లీ కొట్టింది. కళ్లు పక్కకి తిప్పినా చాలు. స్కూటీ మీద సైడ్ మిర్రర్‌లోకి చూస్తే వచ్చేది. అందుకని స్కూటీ మానేసి షేర్ ఆటోలో వెళ్లడం మొదలుపెట్టాను. టీచరు పని అంటేనే బోర్డు వైపు, పిల్లల వైపు తల తిప్పుతూ ఉండటం. గంటకి ఎన్నిసార్లు తిప్పుతామో నాకు అప్పుడు తెలిసింది.

పదో తరగతి పిల్లలు కనిపెట్టేశారు. "మేడం, మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి, బోర్డు మీద మేం గీస్తాం" అని వంతులు వేసుకున్నారు. ఆ సంవత్సరం ఆ సెక్షన్‌లో కిరణ చిత్రాలు అందరూ బాగా గీశారు.

షాక్ ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్ని. రాత్రిళ్లు చెమట. ఫ్యాన్ కింద, డిసెంబరు చలిలో, దిండు మీద తువ్వాలు వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి అది పిండేలా ఉండేది. కలలు ఎంత స్పష్టంగా వచ్చేవంటే లేచాక కాసేపు ఏది నిజమో తేల్చుకోవాల్సి వచ్చేది. కడుపు పాడైంది. ప్రార్థన బెల్ కొట్టే టైముకి బాత్రూంకి పరుగెత్తేదాన్ని. నడుస్తుంటే నేల కొద్దిగా పక్కకి జరిగినట్టు తూలు. పడుకోబోయేటప్పుడు కాలో చెయ్యో తనంతట తాను ఎగిరిపడేది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెవుల్లో గుచ్చుకునేది. టీవీలో యాడ్ చూసి ఏడ్చేదాన్ని, ఏడుస్తూనే ఎందుకు ఏడుస్తున్నానో అర్థమయ్యేది కాదు.

వారం పోయింది, నెల పోయింది. డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలైంది. ఈఎన్‌టీ దగ్గర చెవి పరీక్ష, తల వాల్చి చూసే పరీక్ష. జనరల్ ఫిజీషియన్ దగ్గర థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, షుగర్. ఆఖరికి ఎంఆర్ఐ. బీ12 తప్ప అన్నీ నార్మల్. అది కొంచెం తక్కువ ఉందని ఇంజెక్షన్లు చేశారు. ప్రతి చోటా "ఇప్పుడేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు. లేదు అన్నది నిజమైన సమాధానమే. ఈ మధ్య ఏమైనా ఆపారా అని ఒక్కరూ అడగలేదు. నేనే చెప్పినప్పుడు "ఆపి ఇన్ని రోజులైంది కదమ్మా, ఒంట్లో ఎక్కడుంటుంది?" అన్నారు.

ఆ ప్రశ్న తప్పు కాదు. పరాక్సిటీన్ అర్ధ జీవిత కాలం, అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం, సుమారు 21 గంటలు. వారం దాటితే రక్తంలో లెక్కకు రానంతే మిగులుతుంది. కానీ ఆ లెక్క మందుకి సంబంధించింది. మందు ఉన్న రెండేళ్లలో శరీరం తనను తాను మార్చుకున్నదానికి సంబంధించింది కాదు. సెరటోనిన్ అంటే నరాల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనం. దాన్ని ఆ కణాలు వెనక్కి లాక్కునే దారిని ఈ మాత్ర మూసేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పరిస్థితికి తగ్గట్టుగా గ్రాహకాలు, అంటే ఆ కబురు అందుకునే భాగాలు, సర్దుకుంటాయి. మందు వారంలో పోతుంది, సర్దుబాటు పోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. పైగా శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. మెదడు మందు ఆపితే కడుపు ఎందుకు పాడవుతుంది అన్న నా సందేహం ఇది చదివాకే తీరింది.

పరాక్సిటీన్‌తో ఇంకో చిక్కు ఉంది. లివర్‌లో తనను విరగ్గొట్టే ఎంజైమునే ఇది అడ్డుకుంటుంది. డోసు తగ్గే కొద్దీ ఆ అడ్డు కూడా తగ్గుతుంది, మిగిలిన మందు ఇంకా వేగంగా బయటికి పోతుంది. అందుకే ఆపడానికి కష్టమైన మందుల్లో దీని పేరు ముందు వరుసలో ఉంటుంది. వెన్లాఫాక్సిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు కూడా అంతే, దాని అర్ధ జీవిత కాలం ఐదు గంటలే, ఒక్క పూట ఆలస్యమైనా తేడా తెలిసేవాళ్లున్నారు. ఫ్లుయాక్సెటీన్ అనే మందు వేరు. దాని నుంచి పుట్టే పదార్థం వారం పైన ఒంట్లో ఉండి నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి చాలామందికి ఇబ్బంది తక్కువ.

మొదట చూసిన సైకియాట్రిస్ట్ గారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. రెండు నిమిషాలు విన్నారు. "జబ్బు తిరగబెట్టింది. 25 మళ్లీ మొదలుపెట్టండి, ఇక ఆపొద్దు" అన్నారు. ఆ రోజు బస్సులో వస్తూ నాకు చాలా కోపం వచ్చింది. కోపం ఆయన మీద కంటే, నేను చెప్పింది ఎక్కడా నమోదు కాకుండా పోయినందుకు. నా పాత జబ్బు నాకు తెలుసు. అది భయంతో మొదలై ఒంట్లోకి దిగేది. ఇది ఒంట్లో మొదలైంది. పానిక్ వచ్చిన రోజుల్లో తలలో ఎప్పుడూ షాక్ కొట్టలేదు, నిద్రలో చెమటలు పట్టలేదు, పెదవి తిమ్మిరెక్కలేదు. మందు ఆపిన మూడు నాలుగు రోజుల్లో మొదలైన దాన్ని, వారాలు నెలలు పట్టి మెల్లగా వచ్చే జబ్బు అని ఎలా అనుకోవాలి?

ఇంటికి రాగానే ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని గళ్లు గీశాను. తేదీ, నిద్ర, షాక్‌లు, తూలు, కడుపు, చెమట, భయం. చివరి గడి భయానికి. రోజూ పదికి ఎంత అని వేసేదాన్ని. నెల నిండేసరికి భయం గడిలో అన్నీ చిన్న అంకెలే, మిగతా గళ్లు నిండిపోయి ఉన్నాయి.

ఆ పుస్తకం పట్టుకుని విజయవాడలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం, నేనూ మా ఆయనా. పెద్దావిడ. పుస్తకం తిరగేసి, భయం గడి మీద వేలు పెట్టి, "ఇది జబ్బు కాదమ్మా, మందు విడిచిన ప్రభావం. మిమ్మల్ని చాలా తొందరగా దించేశారు" అన్నారు. ఎంఆర్ఐ నార్మల్ అని చెప్పినప్పుడు రాని ఊరట ఆ ఒక్క మాటకి వచ్చింది. ఆయన అక్కడే, ఆవిడ ముందే, నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నలుగురిలో ఎప్పుడూ అలా పట్టుకోలేదు.

ఆవిడ చెప్పిన విషయాన్ని నేను తర్వాత కూర్చుని గ్రాఫ్ గీసుకుని అర్థం చేసుకున్నాను. 2019లో మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మెదడు స్కాన్ల ఆధారంగా, ఎంత డోసు ఎంత ప్రభావం చూపిస్తుందో అందులో లెక్క ఉంది. సైటలోప్రామ్ అనే మందు తీసుకుంటే 40 మిల్లీగ్రాములకి సెరటోనిన్ దారులు సుమారు 86 శాతం మూసుకుంటాయి. సగం చేసి 20కి దిగితే 80 శాతం. అంటే సగం మందు తగ్గించినా ప్రభావం కొద్దిగానే తగ్గింది. 9కి వస్తే 70 శాతం. మూడున్నరకి వస్తే 50. ఒకటిన్నరకి 30. ఒక మిల్లీగ్రాములో మూడో వంతుకి కొంచెం పైన ఉన్నప్పుడు కూడా దాదాపు 10 శాతం. పరాక్సిటీన్ అంకెలు వేరుగా ఉంటాయి గానీ గీత వంపు అదే. మొదట దాదాపు సమంగా వెళ్లి చివర్లో నిట్టనిలువునా పడిపోతుంది.

ఆ గ్రాఫ్ చూస్తే నాకు జరిగింది మొత్తం కళ్ల ముందు కనిపించింది. 25 నుంచి 12.5కి దిగినప్పుడు నాకేమీ అనిపించలేదు. నిజంగా కిందికి దూకింది 12.5 నుంచి సున్నాకి. అక్కడ మెట్లే లేవు. మాత్ర కంపెనీలు తయారుచేసే అతి చిన్న డోసే చివరి మెట్టు అనుకుంటారు డాక్టర్లు, రోగులు కూడా. అసలు దిగాల్సిన ఎత్తు అక్కడి నుంచి మొదలవుతుంది. రోజు విడిచి రోజు పద్ధతి కూడా పరాక్సిటీన్‌కి ఎందుకు పనికిరాదో ఆ 21 గంటల లెక్కే చెబుతుంది: 48 గంటల్లో మందు ఐదో వంతుకి పడిపోయి, మళ్లీ పైకి లేస్తుంది. మెల్లగా దించడం కాదది, రోజూ ఎత్తి పడేయడం.

ఇంగ్లండ్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాల్లో 2009లో ఈ లక్షణాలు సాధారణంగా స్వల్పమని, వారం రోజుల్లో వాటంతటవే తగ్గుతాయని రాసుంది. 2022లో వచ్చిన కొత్త వాటిలో ఉన్న డోసులో కొంత భాగం చొప్పున తగ్గించాలని, కిందికి వచ్చే కొద్దీ ఇంకా చిన్న మెట్లు వేయాలని, మరీ చిన్న డోసులకి ద్రవ రూపంలో ఉన్న మందు వాడాలని రాశారు. ఒక దేశం తన మాట మార్చుకుంది. మన దగ్గర ప్రిస్క్రిప్షన్ల మీద ఆ మార్పు ఇంకా నాకు కనిపించలేదు.

డాక్టరమ్మ సీఆర్ మాత్ర ఆపి, మామూలు పరాక్సిటీన్ 10 మిల్లీగ్రాములు రాశారు. సీఆర్ అంటే నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, దాన్ని విరగ్గొట్టకూడదు, విరిస్తే మందు ఒక్కసారిగా వచ్చేస్తుంది. మామూలు మాత్ర విరవొచ్చు. మళ్లీ మొదలుపెట్టిన మూడో రోజుకి షాక్‌లు సగానికి తగ్గాయి. ఇది కూడా ఆవిడ ముందే చెప్పారు: మందు విడిచిన ప్రభావమైతే మళ్లీ వేసుకోగానే రోజుల్లో తగ్గుతుంది, జబ్బైతే వారాలు పడుతుంది అని. మూడు నెలలు అక్కడే ఉంచి, ఒళ్లు కుదురుకున్నాక దించడం మొదలుపెట్టారు. ఏడున్నర, ఐదు, రెండున్నర. ఒక్కో మెట్టు దగ్గర నెల, నెలన్నర.

రెండున్నర కింద ముక్కలు చేయడం కుదరదు. ఆవిడ, మందుల షాపు ఫార్మసిస్టు ఇద్దరూ చూసి ఒప్పుకున్నాక, మాత్రను కొలిచిన నీళ్లలో కలిపి, పసిపిల్లలకి మందు పట్టే సిరంజితో కావలసినంత తీసుకునేదాన్ని. ఇది ద్రావణం కాదు, అవలంబనం. తొమ్మిదో తరగతి పిల్లలకి నేను చెప్పే పాఠమే. కదపకపోతే మందు అడుక్కి దిగిపోతుంది. బాగా కలిపి వెంటనే తీసుకోవాలి, మిగిలింది పారబోయాలి. అన్ని మాత్రలూ ఇలా పనికిరావు, కాబట్టి నేను చేశానని ఎవరూ ఇంట్లో మొదలుపెట్టకండి, మీ మందు పేరు చెప్పి డాక్టరునీ ఫార్మసిస్టునీ అడగండి. ఇలా ఆఖరి చుక్క వరకు రావడానికి ఏడాది దాటింది. 2025 వేసవి సెలవుల్లో పూర్తిగా ఆపాను.

ఈసారి నరకం లేదు. కానీ పూర్తిగా ఏమీ లేకుండా కూడా లేదు. మొదట రాసినవి ఇంకా ఉన్నాయి. వస్తాయి, కొన్ని రోజులు ఉంటాయి, పోతాయి. మంచి రోజులు వరసగా వచ్చి, అయిపోయింది అనుకునేసరికి మళ్లీ ఒక విడత వస్తుంది. ఏవి రేపుతాయో నాకు తెలిసింది. మా పెదనాన్న మనవరాలి పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకి. రాత్రంతా మెలకువ, మైకులు, సన్నాయి. తలంబ్రాల టైముకి నేను స్తంభం పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత వారం రోజులు తూలు వదల్లేదు. జ్వరం వచ్చినా అంతే. భోజనం ఆలస్యమైనా, స్టాఫ్ రూంలో టీ ఎక్కువైనా తేడా తెలుస్తుంది. పదింటికి పడుకుని, ఐదింటికి లేచి కాలవ గట్టు మీద నడిచిన వారాల్లో చాలా తక్కువ.

అత్తయ్య మొదట్లో ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసేవారు. నాకు వాటి మీద నమ్మకం లేదు, కానీ వద్దనలేదు. నా ఒంట్లో ఏదో జరుగుతోందని మొట్టమొదట నమ్మింది ఆవిడే. పరీక్షలన్నీ నార్మల్ వచ్చినప్పుడు కూడా "కాగితాల్లో లేకపోతే పిల్లకి బాధ లేనట్టా?" అని మా ఆయన్ని అడిగారు. వికారానికి శొంఠి వేసిన పల్చటి మజ్జిగ ఇచ్చేవారు, అది నిజంగా పనిచేసేది. అమ్మ మాత్రం "ఆ మాత్రలకి అలవాటు పడిపోయావే" అని బాధపడేది. అమ్మకి ఓపిగ్గా చెప్పాను. నాకు ఆ మాత్ర మీద ఎప్పుడూ మోజు కలగలేదు, డోసు పెంచుకోవాలనిపించలేదు, అది లేక ఏడవలేదు. చెప్పకుండా తీసేస్తే శరీరం తట్టుకోలేకపోయింది, అంతే. బీపీ మందుల్లో కొన్నింటిని కూడా ఒక్కసారి ఆపకూడదని అమ్మకి తెలుసు. అలా చెబితే అర్థమైంది.

ఇంకో విషయం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆడవాళ్లు దీన్ని డాక్టరుకి కూడా చెప్పరు కాబట్టి రాస్తున్నాను. ఈ మందులు వాడేటప్పుడు దాంపత్య సుఖం మీద ఆసక్తి, స్పర్శ తగ్గడం చాలామందికి తెలుసు. ఆపాక కూడా కొందరిలో అది అలాగే ఉండిపోతుంది. 2019లో యూరప్‌లో మందుల్ని పర్యవేక్షించే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఈ రకం మందుల సమాచార పత్రాల్లో ఆ హెచ్చరిక చేర్చమంది. నాకు కొంత తిరిగి వచ్చింది, అంతా రాలేదు. మా ఆయనతో దీని గురించి సూటిగా మాట్లాడాక ఇద్దరికీ తేలికైంది. అప్పటిదాకా ఆయన తన మీద ప్రేమ తగ్గిందేమో అనుకున్నారట. భార్యాభర్తలు అలా అపార్థంలో ఉండిపోవడం ఎంత అన్యాయం. మందు రాసేటప్పుడే ఒక్క వాక్యం చెబితే పోయేది.

ఇదంతా చదివి భయపడి ఎవరైనా మందు మొదలుపెట్టకపోతే నాకు బాధగా ఉంటుంది. అందరికీ ఇలా జరగదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీలో 79 అధ్యయనాలను, 21 వేల మందిని కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. మందు ఆపినవాళ్లలో సుమారు 31 శాతం మందికి, మందు లేని ఉత్తి మాత్ర ఆపినవాళ్లలో 17 శాతం మందికి లక్షణాలు కనిపించాయి. ఆ తేడా మందు వల్ల వచ్చినది అనుకుంటే ఆరేడుగురిలో ఒకరికి. తీవ్రంగా వచ్చింది 35 మందిలో ఒకరికి. అంతకుముందు 2019లో వచ్చిన ఇంకో సమీక్ష సగానికి పైగా మందికి వస్తాయంది. ఆ రెండింటి మధ్య వాదం నడుస్తూనే ఉంది. చాలా అధ్యయనాల్లో మందు కొన్ని వారాలు, నెలలే వాడారని, ఏళ్ల తరబడి వాడినవాళ్ల సంగతి వేరని విమర్శకులు అంటున్నారు. నా అనుభవం వాళ్ల వైపు ఉంది. చిన్న అంకెనే తీసుకున్నా, మా స్కూల్లో ఒక్కో సెక్షన్‌లో ముప్పై ఐదు మంది దాకా ఉంటారు. సెక్షన్‌కి ఒకరు. ఆ ఒక్కరికి టీచరు ఏం సమాధానం చెప్పాలి, నువ్వు లెక్కలోకి రావు అనా?

ఆపడం అందరికీ మంచిది కూడా కాదు. ఏళ్లుగా మందు వాడుతూ బాగున్నవాళ్లతో ఇంగ్లండ్‌లో చేసిన ఒక ప్రయోగం 2021లో వచ్చింది. మెల్లగా ఆపినవాళ్లలో 56 శాతం మందికి, కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది. నాతో పనిచేసే ఒకరు పదేళ్లుగా వేసుకుంటున్నారు, ఆపే ఆలోచన లేదు, హాయిగా ఉన్నారు. అది ఆవిడ, ఆవిడ డాక్టరు కలిసి తీసుకున్న నిర్ణయం. మందు ఆపాక చనిపోవాలన్న ఆలోచనలు వస్తే మాత్రం ఇవి పోతాయిలే అని కూర్చోకండి. వెంటనే డాక్టరుని కలవండి, ఇంట్లో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మా స్టాఫ్‌లోనే ఇంకొక టీచరు గారు ఈ మధ్య తన స్ట్రిప్ తెచ్చి చూపించారు. నిద్రమాత్ర అని మూడేళ్లుగా వేసుకుంటున్నారట. వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లున్నాయి: ఎస్సిటలోప్రామ్ 10, క్లోనాజెపామ్ 0.5. మొదటిది పరాక్సిటీన్ లాంటి మందే, రెండోది ఆందోళన తగ్గించి నిద్ర తెప్పించేది. మన దగ్గర ఈ రెండూ కలిపిన మాత్ర చాలా విరివిగా రాస్తారు. ఒక్క మాత్రే కదా అని ఆపితే ఒకేసారి రెండు మందులు ఆపినట్టు. క్లోనాజెపామ్ ఎక్కువ కాలం వాడి చటుక్కున ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు. ఆవిడకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. దయచేసి మీ ఇంట్లో ఎవరైనా నరాల మాత్ర, నిద్రమాత్ర అని వేసుకుంటుంటే స్ట్రిప్ వెనక చదవండి.

ఆవిడ పబ్లిక్ పరీక్షల డ్యూటీలు అయ్యేదాకా ఆగి, వేసవి సెలవుల్లో మొదలుపెడదామనుకుంటున్నారు. డాక్టరుని అడగడానికి నిన్న లంచ్ పీరియడ్‌లో ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాశాం. ఈ రెండు మందుల్ని విడివిడి మాత్రలుగా మార్చగలరా? ముందు ఏది తగ్గించాలి? ఒక్కో మెట్టు దగ్గర ఎన్ని వారాలు ఉండాలి? లక్షణాలు వస్తే ఏ మెట్టుకి వెనక్కి వెళ్లాలి, అప్పుడు అపాయింట్‌మెంట్ లేకుండా మీకు ఫోన్ చేయొచ్చా? అన్నిటికంటే కింద, పెన్నుతో రెండుసార్లు గీత గీసి రాసింది: ఎస్సిటలోప్రామ్ ఐదు మిల్లీగ్రాముల నుంచి సున్నాకి మధ్యలో ఎన్ని మెట్లు వేద్దాం?